ఒక్క అవుటే గదా

సాఫ్ట్‌బాల్ ఫైనల్‌కి ముందు రమ్యశ్రీ తన జడ తనే వేసుకోబోయింది. ఎడమ చెయ్యి తల వెనక్కి వెళ్ళింది. కుడి చెయ్యి చెవి దాకా వెళ్ళి ఆగింది. పక్కనే ఉన్న హరిప్రియ దువ్వెన అందుకుని జడ అల్లి రబ్బరు బ్యాండు పెట్టింది. బౌండరీ తాడు అవతల నిలబడి రమ్యశ్రీ తండ్రి అచ్యుతరావు అది చూశాడు.

అంతకు ముందు వారం ఏలూరులో ఎముకల డాక్టరు ఆయనకి ఒక పరీక్ష చెప్పాడు. చెయ్యి తలమీదికి లేచిన రోజు ఆడొచ్చు. లేవని రోజు బంతి ముట్టుకోకూడదు. అప్పటికే భుజంలో కండరం కొంత చిరిగింది, పూర్తిగా తెగితే ఆపరేషనే, ఆ తర్వాత ఆటకి పనికొస్తుందో లేదో చెప్పలేనన్నాడు. రమ్యశ్రీకి పదిహేనేళ్ళు. వచ్చే నెలలో రాష్ట్ర జట్టు క్యాంపు ఉంది. డాక్టరు మాట అచ్యుతరావు స్కూలుకి వెళ్ళి కోచ్ దత్తాత్రేయులుకి చెప్పాడు. "అలాగేనండి, నేను చూసుకుంటానుగా" అన్నాడు దత్తాత్రేయులు.

ఆయన చూసుకున్న తీరు ఇది. ఆ రోజు పొద్దున సెమీఫైనల్లో రమ్యశ్రీ చేత మొత్తం ఏడు ఇన్నింగ్సూ వేయించాడు. నాలుగో ఇన్నింగ్స్‌కే ఆరు పరుగుల ఆధిక్యం ఉంది. అయినా తియ్యలేదు.

సాఫ్ట్‌బాల్‌లో పిచర్ బంతిని కింది నుంచి విసురుతుంది. చెయ్యి భుజం చుట్టూ గుండ్రంగా తిరిగి తొడ పక్కన బంతిని వదులుతుంది. పిచర్ అలిసిపోతే ఆమెని దింపి ఇంకొకరిని పంపుతారు. అలా మధ్యలో వచ్చే మనిషిని రిలీఫ్ పిచర్ అంటారు. ఈ జట్టులో రిలీఫ్ పిచర్ హరిప్రియ. ప్రతి మ్యాచ్‌లోనూ దత్తాత్రేయులు ఆమెని లేపి బౌండరీ పక్కన బంతులు వేయించేవాడు, కూర్చోబెట్టేవాడు, మళ్ళీ లేపేవాడు. మ్యాచ్‌లోకి మాత్రం పంపలేదు. టోర్నమెంటు మొత్తంలో ఆమె ఒక్క బంతీ వెయ్యకుండా ఫైనల్ దాకా వచ్చింది.

దత్తాత్రేయులు ముప్పై ఏళ్ళు క్రికెట్ జట్లని ఆడించినవాడు. సాఫ్ట్‌బాల్ ఆడే స్కూళ్ళు తక్కువ కాబట్టి పతకం తొందరగా వస్తుందని వట్లూరు దగ్గరి ఆ స్కూలు యాజమాన్యం జట్టు పెట్టింది. పెట్టి ఆయనకే అప్పజెప్పింది. ఆయన పిచర్‌ని బౌలర్ అంటాడు. ఇన్నింగ్స్‌ని స్పెల్ అంటాడు. రూల్స్ పుస్తకం స్టాఫ్ రూములో, పంపు కొట్టని బంతుల మధ్య ఉంటుంది.

ఫైనల్ తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ గ్రౌండులో. మధ్యాహ్నం భోజనాల దగ్గరికి లక్ష్మీకాంతం వచ్చాడు. ఆకివీడులో చేపల చెరువులున్న మనిషి. ఆయన కూతురు ప్రసన్నలక్ష్మి హాస్టల్లో ఉండి ఈ స్కూల్లోనే చదువుతోంది. జట్టు జెర్సీలు ఆయన కుట్టించినవే. ప్రతి అమ్మాయి వీపు మీదా నంబరుకి పైన ఆయన చెరువుల పేరు ఉంది. చేపలు ఎగుమతి చేసే థర్మకోల్ పెట్టెలో ఐసు పోసి కూల్‌డ్రింకులు తెచ్చాడు. వెంట వీడియో తీసే కుర్రాడు ఉన్నాడు.

"సార్, మా అమ్మాయి ఫైనల్లో ఆడినట్టు సర్టిఫికెట్లో పడాలండి" అన్నాడు లక్ష్మీకాంతం. "బెంచీ మీద కూర్చుంటే ఆ మాట రాయరంట గదండీ. రేపు స్పోర్ట్స్ కోటాకి అదే అడుగుతారంట."

"మీరు చెప్పాలా అండి? జెర్సీలు మీవి."

"బంతి విసురుతుండగా వీడియోలో పడితే బాగుంటదండి."

ప్రసన్నలక్ష్మి చేతిలో పెరుగన్నం ప్లేటు ఉంది. "నాన్నా, నాకు పిచింగ్ రాదు. దూరంగా ఎక్కడో ఫీల్డింగులో నిలబడతాను."

"రాకపోవడమేంటమ్మా" అన్నాడు దత్తాత్రేయులు. "చివర్లో ఒక్క అవుట్ మిగిలినప్పుడు దిగుతావు. ఒక్క అవుటే గదా."

అచ్యుతరావు అక్కడే అన్నం తింటున్నాడు. పెదవేగి దగ్గర ఆయనకి ఆయిల్ పామ్ తోట ఉంది. కూతురి ఆట చూడటానికి పొద్దున రైల్లో వచ్చాడు. ఆ మాటలు ఆయనకి నచ్చలేదు. చివర్లో గదా, అప్పటికి తన కూతుర్ని దింపేసి ఉంటారు గదా అనుకుని ఊరుకున్నాడు.

ప్రత్యర్థులు నరసరావుపేట నుంచి వచ్చిన జట్టు. ముందు బ్యాటింగ్ వట్లూరు వాళ్ళది. నాలుగు ఇన్నింగ్స్ ముగిసేసరికి ఆరు – రెండుతో ముందున్నారు.

అచ్యుతరావు పక్కన హరిప్రియ తల్లి బాలాత్రిపురసుందరి నిలబడింది. ప్రాథమిక పాఠశాల టీచరు. మూడేళ్ళుగా సాయంత్రం పూట డాబా మీద ప్లాస్టిక్ స్టూలు వేసుకుని కూర్చుని కూతురి బంతులు పట్టిన మనిషి. మైదానం చివర హరిప్రియ బంతులు వేస్తోంది. దత్తాత్రేయులు చెయ్యి ఊపాడు. ఆమె వచ్చి కూర్చుంది. ఒక బ్యాటర్ ఆడాక మళ్ళీ చెయ్యి ఊపాడు. ఆమె లేచి వెళ్ళింది.

"అన్నం వార్చమంటాడు, మళ్ళీ ఎసరు పెట్టమంటాడు" అంది టీచరు. "ఈయన పిలిచేసరికి దాని చేతిలో ఏముంటుందండీ అచ్యుతరావుగారూ?"

"మీ అమ్మాయికి అది. మా అమ్మాయిని పొయ్యి మీంచి దింపడమే లేదండి."

ఐదో ఇన్నింగ్స్‌లో రమ్యశ్రీ బంతి వేగం తగ్గింది. బంతులు బ్యాటర్‌కి దూరంగా పడుతున్నాయి. అలాంటివి నాలుగు పడితే బ్యాటర్ నడిచి మొదటి బేస్‌కి వెళ్ళిపోతుంది. ఇద్దరు అలా నడిచి వెళ్ళారు. తర్వాతి అమ్మాయి కొట్టిన దెబ్బకి ఆ ఇద్దరూ బేసులన్నీ చుట్టి, బ్యాటర్ నిలబడే చోటికి, అంటే ఇంటికొచ్చారు. రెండు పరుగులు. ఆరు – నాలుగు. ప్రతి బంతి తర్వాతా రమ్యశ్రీ కుడి మోచేతిని ఎడమ చేత్తో పట్టుకుంటోంది.

ఇన్నింగ్స్ అయ్యాక అచ్యుతరావు తాడు వెంబడి నడిచి బెంచీ దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఒక్క మాటండి. అమ్మాయికి చెయ్యి లేవట్లేదండి."

"చూస్తూనే ఉన్నానండి."

"డాక్టరుగారు చెప్పింది మీకు మనవి చేశాను గదండీ. ఆ హరిప్రియ తయారుగా ఉంది గదా అని..."

"ఏవండీ, మీ తోటలో గెలలు ఎప్పుడు కొయ్యాలో నేనొచ్చి చెప్తున్నానా?"

బెంచీ మీద అమ్మాయిలు నవ్వారు. అచ్యుతరావు కూడా నవ్వాడు. అందరూ నవ్వుతుంటే నవ్వకపోవడం మర్యాద కాదని నవ్వాడు.

దత్తాత్రేయులు రమ్యశ్రీ వైపు తిరిగాడు. "ఏమ్మా, వేస్తావా?"

"వేస్తాను సార్."

"చూశారా? పిల్లే వేస్తానంటోంది."

అచ్యుతరావు తిరిగి వచ్చి తన చోట నిలబడ్డాడు. తన నవ్వు తనకి గుర్తొచ్చింది. పక్కకి తిరిగి ఉమ్మేశాడు.

"ఏమన్నారండి?" అని అడిగింది టీచరు.

"గెలల గురించి మాట్లాడారండి."

ఆరో ఇన్నింగ్స్‌లో మొదటి అమ్మాయి కొట్టి బేస్ చేరింది. తర్వాతి ఇద్దరూ నడిచి వెళ్ళారు. మూడు బేసులూ నిండాయి. ఇన్నింగ్స్ ముగియాలంటే మూడు అవుట్లు కావాలి, ఒక్క అవుటూ లేదు. ఇక పరుగులు ఆపడం ఎవరికైనా కష్టమయ్యే ఆ క్షణంలో దత్తాత్రేయులు హరిప్రియని పిలిచాడు.

రమ్యశ్రీ తాడు దగ్గరికి వచ్చింది. లక్ష్మీకాంతం పెట్టెలోంచి ఐసు తీసి పాలిథిన్ కవర్లో కట్టి ఇచ్చాడు. అచ్యుతరావు దాన్ని కూతురి భుజానికి అదిమి పట్టుకున్నాడు.

"చేపల వాసనొస్తోంది నాన్నా."

"ఐసు కొత్తదేనమ్మా" అన్నాడు లక్ష్మీకాంతం. "పెట్టె పాతది."

హరిప్రియ మొదటి బ్యాటర్‌కి బంతి తగలనివ్వకుండా మూడు స్ట్రైకులతో పంపేసింది. రెండో అమ్మాయి కొట్టిన బంతి నేలమీద దొర్లింది. ఒక పరుగు వచ్చింది, అవుటూ వచ్చింది. మూడో అమ్మాయి బ్యాటు తిప్పింది గాని బంతి తగల్లేదు. అలా మూడుసార్లు. ఆరు – ఐదు దగ్గర ఇన్నింగ్స్ ముగిసింది. టీచరు తన అరచెయ్యి చూసుకుంది.

ఏడో ఇన్నింగ్స్ చివరిది. వట్లూరు జట్టు పరుగులేమీ చెయ్యలేదు. నరసరావుపేట జట్టు బ్యాటింగ్‌కి దిగింది. హరిప్రియ మొదటి ఇద్దరినీ అవుట్ చేసింది. ఇంకొక్క అవుట్ చాలు.

ఆట కాసేపు ఆపమని దత్తాత్రేయులు అంపైర్‌ని టైమ్ అడిగాడు. ప్రసన్నలక్ష్మిని భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకువెళ్ళాడు. వీడియో కుర్రాడు తాడు దగ్గరికి వచ్చి కెమెరా ఎత్తాడు.

హరిప్రియ బంతి ఇవ్వలేదు. "సార్, నన్ను తీసేస్తే మళ్ళీ రావడానికి లేదండి."

"ఎందుకు లేదు? ఆ అమ్మాయి ఇబ్బంది పడితే రెండో స్పెల్ నీదే."

"స్పెల్ ఉండదండి ఇందులో."

"మీ అమ్మ నేర్పిందా?"

హరిప్రియ బంతి ఇచ్చేసింది. అంపైర్ దగ్గరికి వచ్చాడు. "మార్పేనా సార్? ఖాయమా?"

"ఖాయమేనండి."

"సార్!" అని తాడు అవతల నుంచి టీచరు కేక వేసింది. "ఆ పిల్ల ఇక మళ్ళీ రాకూడదండీ! రూలండీ అది!"

"మేడమ్, మీరు కూర్చోండి. స్కూల్లో పాఠం కాదు ఇది" అన్నాడు దత్తాత్రేయులు. లక్ష్మీకాంతం నవ్వాడు.

ప్రసన్నలక్ష్మి మొదటి బంతి బ్యాటర్ తల మీదుగా పోయింది. రెండోది ముందే నేలకి తగిలింది. ప్రతి బంతికీ ఆమె కోచ్ వైపు చూసింది. "పర్వాలేదమ్మా, ఒక్క అవుటే గదా" అన్నాడాయన. మొదటి బ్యాటర్ నడిచి వెళ్ళింది. రెండో బ్యాటర్ నడిచి వెళ్ళింది. మూడో బ్యాటర్ నడుముకి బంతి తగిలింది, అలా తగిలినా బేస్ ఇస్తారు. ఆమె నడుము రుద్దుకుంటూ మొదటి బేస్‌కి వెళ్ళింది. ప్రసన్నలక్ష్మి "సారీ అక్కా" అని ఏడ్చింది. మూడు బేసులూ నిండాయి. వీడియో కుర్రాడు లక్ష్మీకాంతం ముఖం చూసి కెమెరా దించాడు.

దత్తాత్రేయులు హరిప్రియకి చెయ్యి ఊపాడు. అంపైర్ అడ్డు చెప్పాడు.

"ఆ అమ్మాయి రాకూడదండి. మధ్యలో వచ్చినవాళ్ళు ఒకసారి బయటికి వెళ్తే అంతే."

"అదేంటండీ? బౌలర్ స్పెల్ వేసి వెళ్తాడు, మళ్ళీ వస్తాడు. ఇదెక్కడి న్యాయం?"

"అది క్రికెట్టండి."

"మరి ఎవరు వెయ్యాలంటారు?"

"ఫీల్డులో ఉన్న మిగతా అమ్మాయిల్లో ఎవరిచేతైనా వేయించుకోవచ్చండి. లేదా మ్యాచ్ మొదలుపెట్టిన తొమ్మిది మందిలో బయటికి వెళ్ళినవాళ్ళు ఒక్కసారి తిరిగి రావచ్చు. మీకు అలాంటిది ఒక్కరే ఉన్నారు."

ఆ ఒక్కరు బెంచీ చివర ఐసు పెట్టుకుని కూర్చుంది. బాగున్న పిచర్ రాకూడదు, చెయ్యి లేవని పిచర్ రావచ్చు. ఫీల్డులో ఎనిమిది మంది ఉన్నారు. మొదటి బేస్ దగ్గర నిలబడ్డ అమ్మాయి ప్రాక్టీసులో ఓ మాదిరిగా వేస్తుంది. దత్తాత్రేయులు అటు చూడలేదు.

"రమ్యశ్రీ, రామ్మా."

రమ్యశ్రీ లేచింది. ఐసు కవరు ఒళ్ళోంచి జారి నేలమీద పడింది. తండ్రి వైపు చూడకుండా వెళ్ళింది.

"వెళ్తోందండీ!" అంది టీచరు. "అచ్యుతరావుగారూ, వెళ్తోంది!"

అచ్యుతరావు తాడు పట్టుకుని నిలబడ్డాడు. ఆయన జీవితంలో ఏ మాస్టారికీ ఎదురు చెప్పలేదు. ఊళ్ళో మాస్టారు ఎదురైతే ఇప్పటికీ సైకిలు దిగుతాడు.

ఆట మొదలయ్యే ముందు పిచర్ కొన్ని బంతులు వేసి చూసుకోవచ్చు. రమ్యశ్రీ మొదటిది వేసింది. చెయ్యి సగం చుట్టే తిరిగింది. బంతి దారి మధ్యలో నేలకి తగిలి, దొర్లుకుంటూ బ్యాటర్ వెనక బంతి పట్టే క్యాచర్ కాళ్ళ దాకా వెళ్ళింది. నరసరావుపేట అమ్మాయిలు అరవడం ఆపారు. అవతలి జట్టు కోచ్ తల పక్కకి తిప్పుకున్నాడు.

దత్తాత్రేయులు చప్పట్లు కొట్టాడు. "అంతే అంతే. ఇంకొంచెం. ఒక్క అవుటే గదా!"

అచ్యుతరావు తాడు కింద నుంచి దూరి లోపలికి నడిచాడు. చెప్పులతోనే పిచర్ నిలబడే వలయంలోకి వెళ్ళాడు.

"ఏవండీ, బయటివాళ్ళు లోపలికి రాకూడదు" అన్నాడు అంపైర్.

"వెళ్ళిపోతానండి. పిల్లని తీసుకెళ్ళిపోతాను."

దత్తాత్రేయులు పరుగెత్తుకొచ్చాడు. "అచ్యుతరావుగారూ, ఏంటండీ ఇది? పరువు పోతుంది. ఒక్క అవుటే గదండీ."

"గెల కోసేవాడికి చెయ్యి లేవకపోతే మేం గడ లాగేసుకుంటామండి. ఇంకొక్క గెలే గదా అనం."

"నాన్నా, నేను వేస్తాను. పర్లేదు" అంది రమ్యశ్రీ.

"చెయ్యి తలమీద పెట్టుకో అమ్మా."

రమ్యశ్రీ కుడి చెయ్యి ఎత్తింది. ఛాతీ దాకా వచ్చింది. ఇంకా ఎత్తబోయింది. మొహం ముడుచుకుంది. చెయ్యి దిగిపోయింది. ఆమె మళ్ళీ ఎత్తబోయింది. గ్రౌండులో అందరూ చూశారు. దత్తాత్రేయులు కూడా చూశాడు.

"చూశారు గదండీ సార్?" అన్నాడు అచ్యుతరావు.

దత్తాత్రేయులు అంపైర్ వైపు తిరిగి, "దీనికి రూల్ ఏమిటండీ? మళ్ళీ మార్చుకోవచ్చా?" అని అడిగాడు.

అచ్యుతరావు కూతురి చేతిలోంచి బంతి తీసుకుని అంపైర్‌కి ఇచ్చాడు. ఎడమ చెయ్యి పట్టుకుని ఆమెని బయటికి నడిపించుకుపోయాడు.

చివరికి మొదటి బేస్ అమ్మాయే బంతి వేసింది. రెండు మంచి బంతులు వేసింది. మూడోది బ్యాటర్ కొడితే ఫీల్డర్ల మధ్య నుంచి పోయింది. ఇద్దరు ఇంటికొచ్చారు. ఏడు – ఆరు. మ్యాచ్ అయిపోయింది.

బహుమతుల దగ్గర నిర్వాహకులు రెండు జట్ల కోచ్‌లకీ శాలువాలు కప్పారు. దత్తాత్రేయులుకి మైకు ఇచ్చారు. "గెలుపోటములు సహజం" అన్నాడు. "కొత్త పిల్లలకి అవకాశం ఇవ్వాలన్నదే మొదటి నుంచీ నా పద్ధతి. కొంతమంది తల్లిదండ్రులు చివరి నిమిషంలో సహకరించి ఉంటే ఫలితం వేరేగా ఉండేది." చప్పట్లు పడ్డాయి. లక్ష్మీకాంతం కొట్టాడు. ప్రసన్నలక్ష్మి జట్టు వెనక నిలబడి, ఫోటో కోసం పిలిచినా ముందుకి రాలేదు. హరిప్రియ ఫోటోలో ఉంది. ఎటో చూస్తోంది.

స్కూలు బస్సు గేటు దగ్గర ఆగి ఉంది. దత్తాత్రేయులు శాలువా తియ్యకుండానే అచ్యుతరావు దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించి మాట్లాడాడు.

"మనలో మనకి ఏముందండీ, ఆవేశంలో ఏవో అనుకుంటాం. అమ్మాయికి రెస్టు ఇవ్వండి. వచ్చే నెల క్యాంపు ఉంది. చెయ్యి జాగ్రత్త అని నేను మొదట్నించీ చెప్తూనే ఉన్నా గదా."

అచ్యుతరావు ఆయన ముఖం చూశాడు. ఆ ముఖంలో దాపరికం కనపడలేదు. ఆ మాట ఆయన నిజంగానే నమ్ముతున్నాడు.

"క్యాంపుకి పంపనండి" అన్నాడు. "మీ దగ్గరికీ పంపను."

"తొందరపడకండి. అమ్మాయి భవిష్యత్తు..."

"రమ్యా, ఆ పైది విప్పి ఇలా ఇయ్యమ్మా."

రమ్యశ్రీ లోపల టీషర్టు వేసుకుని ఉంది. జెర్సీలోంచి కుడి చెయ్యి తియ్యడం ఆమెకి రాలేదు. హరిప్రియ బస్సు దిగి వచ్చి, ముందు ఎడమ చెయ్యి తీసి, తల మీదుగా లాగి, ఆ తర్వాత కుడి చేతి మీంచి మెల్లిగా జార్చింది. భుజం దగ్గర జెర్సీ తడిగా ఉంది. అచ్యుతరావు దాన్ని మడిచి దత్తాత్రేయులు చేతిలో పెట్టాడు.

"ఇది లక్ష్మీకాంతంగారిది గదండీ. ఇచ్చెయ్యండి."

దత్తాత్రేయులు దాన్ని శాలువాకి తగలకుండా దూరంగా పట్టుకున్నాడు. చేపల వాసనకి ముక్కు చిట్లించాడు.

బస్సులోంచి బాలాత్రిపురసుందరి కూడా సంచీ తీసుకుని దిగింది. "మేమూ రైల్లోనే వస్తామండి" అంది. "అన్నయ్యగారూ, స్టేషనుకి ఆటో పిలవండి."

ప్లాట్‌ఫారం మీద బెంచీ దొరికింది. ఉల్లిపాయల బస్తాల పక్కన నలుగురూ కూర్చున్నారు. కాసేపటికి రమ్యశ్రీ కుడి చెయ్యి ఎత్తి చూసుకోబోయింది.

"వద్దు" అన్నాడు అచ్యుతరావు. "ఇవాళ ఇక ఎత్తకు. రేపు పొద్దున్నే ఏలూరులో డాక్టరు దగ్గర ఎత్తుదువుగాని."

"జడ ఊడిపోయింది నాన్నా."

"నేను వేస్తా, ఇటు తిరుగు" అంది హరిప్రియ. నోట్లో రబ్బరు బ్యాండు పెట్టుకుని ఆ జుట్టు మూడు పాయలుగా విడదీసింది.